నెత్తుటిలో పేరు, నాళంలో గాయం



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ గురువుగారి గురించి అధ్యక్షులవారు వివరంగా చెప్పారు కనుక నేను ఒక్క సంగతితో సరిపెడతాను. ఆయన పాథాలజీ మాస్టారు. మూత్రపిండం స్లయిడు ఒకటి మైక్రోస్కోపు కింద పెట్టి, చిన్న ధమని గోడ లోపలివైపు పొరలు పొరలుగా మందమెక్కి, నెత్తురు నడిచే దారి మూసుకుపోయిన చోటు చూపించి, జబ్బు పేరు అడిగేవారు. మేం బీపీ అనేవాళ్లం. అందులో తప్పేమీ లేదు, బీపీ విపరీతంగా పెరిగినా ధమని అలాగే కనిపిస్తుంది. కానీ ఆ స్లయిడు స్క్లెరోడెర్మా రోగిది. మా పుస్తకంలో ఆ జబ్బు చర్మవ్యాధుల అధ్యాయంలో ఉండేది, మూత్రపిండంలోకి ఎలా వచ్చిందో మాకు బోధపడేది కాదు. ఈ రోజు నేను ఎంచుకున్న విషయం ఆ ధమనికి సంబంధించినదే. ఆ స్క్లెరోడెర్మాకే మరో పేరైన సిస్టమిక్ స్క్లెరోసిస్‌లో రక్తనాళాలు దెబ్బతింటున్న సంగతిని నెత్తుటిలోని యాంటీబాడీలు ఎంతవరకు చెప్పగలవు, ఎక్కడ ఆగిపోతాయి అన్నది.

జబ్బుకు పేరు పెట్టినవాళ్లు చర్మాన్నే చూశారు. 1753లో నేపుల్స్ వైద్యుడు కార్లో కుర్జియో, ఒంటి చర్మం గట్టిపడిపోయిన ఒక యువతి గురించి రాశాడు. 1847లో ఫ్రాన్సులో జింట్రాక్ 'స్క్లెరోడెర్మీ' అన్నాడు. 1862లో పారిస్‌లో మోరిస్ రేనాడ్ తన వైద్య సిద్ధాంత వ్యాసంలో చలికి, మానసిక ఆందోళనకి వేళ్లు తెల్లబడి, నీలబడి, ఒక్కోసారి కుళ్లిపోయే స్థితిని వర్ణించాడు. ఆ రెండు వర్ణనలూ ఒకే మనిషిలో కలిసి కనబడతాయని గుర్తించినా, వేళ్ల సంగతి పక్కవాద్యంగానే ఉండిపోయింది. 1945లో కేప్‌టౌన్‌లో రాబర్ట్ గోయెట్జ్ ఇది ఒళ్లంతటి జబ్బని చెప్పి పేరు మార్చాలన్నాడు. 1975లో క్యాంప్‌బెల్, లీరాయ్ అనే ఇద్దరు మొత్తం క్రమాన్నే తిరగేశారు. ముందు దెబ్బతినేది చిన్న రక్తనాళాల లోపలి పొర, చర్మం గట్టిపడటం ఆ తర్వాతి పరిణామం అని వాళ్ల వాదన. నా లెక్కలో ఈ జబ్బు చరిత్రలో అసలు మలుపు అదే. తర్వాత వచ్చిన ప్రయోగశాల పనిలో చాలా భాగం ఆ వాదనను ఒప్పుకోవడానికో, కాదనడానికో చేసిందే.

నాళం లోపలి పొరను ఎండోథీలియం అంటాం. కణం మందాన ఒకే ఒక్క వరస. అది ఊరికే అస్తరు కాదు. నాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడునీ, ప్రోస్టాసైక్లిన్‌నీ తయారుచేసేది అదే, బిగదీసే ఎండోథీలిన్‌ని తయారుచేసేదీ అదే. స్క్లెరోసిస్‌లో ఈ తూకం తప్పుతుంది. సడలింపు తగ్గి బిగింపు పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు అంటుకుంటాయి. కండర కణాలు లోపలి పొరకిందికి వలస వచ్చి అక్కడే పెరుగుతాయి. కేశనాళికలు మొదట ఉబ్బుతాయి, తర్వాత రాలిపోతాయి. వాటి స్థానంలో కొత్తవి మొలవాలని ఒంటి నుంచి సంకేతాలు వెళుతూనే ఉంటాయి, వాటిలో ఒకటైన వీఈజీఎఫ్ నెత్తుటిలో ఎక్కువగానే ఉంటుంది, కానీ సక్రమంగా మొలవవు. ఆ వైరుధ్యానికి కారణం పూర్తిగా తేలలేదు.

ఈ రాలిపోవడాన్ని కంటితో సులువుగా చూడగల చోటు ఒంట్లో ఒకటుంది, అది గోరు మొదలు దగ్గరి చర్మపు మడత. అక్కడ కేశనాళికలు చర్మానికి సమాంతరంగా పడుకుని ఉంటాయి కనుక పైనుంచి చూస్తే తలపిన్నుల్లాంటి వంపులు వరసగా కనిపిస్తాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో మిల్లీమీటరుకు 7 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటాయి. స్క్లెరోసిస్‌లో కొన్ని 50 మైక్రోమీటర్లు దాటి లావెక్కుతాయి, అక్కడక్కడా నెత్తురు చిమ్ముతుంది, ఆ తర్వాత ఖాళీలు పడతాయి. దీన్ని 1970లలో ఓ పద్ధతిగా నిలబెట్టిన హిల్డెగార్డ్ మారిక్, లీరాయ్‌తో కలిసి పనిచేసిన మనిషే. ఖరీదైన వీడియో యంత్రం లేకపోయినా, గోటి మీద చుక్క నూనె వేసి కంటి డాక్టర్లు వాడే ఆఫ్తాల్మోస్కోపుతోనో, చర్మ డాక్టర్ల డెర్మాస్కోపుతోనో పెద్ద మార్పుల్ని పట్టుకోవచ్చు. జిల్లా ఆసుపత్రిలో ఈ రెంటిలో ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది. వాడేవాళ్లు తక్కువ.

మన తీరంలో మరో చిక్కుంది. రేనాడ్ లక్షణం చలిదేశపు వర్ణనతో పుస్తకాల్లోకి వచ్చింది. మే నెల విజయవాడలో వేళ్లు తెల్లబడ్డాయా అని అడిగితే రోగి లేదంటుంది. ఏసీ బస్సులో కూర్చున్నప్పుడు, ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తీసినప్పుడు, సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే అంట్లు తోమినప్పుడు ఏమవుతుందని అడిగితే అప్పుడు చెబుతుంది. చామన ఛాయ, నలుపు చర్మంలో తెలుపు స్పష్టంగా పట్టుబడదు, తిమ్మిరీ మొద్దుబారడమూ మాత్రమే చెబుతారు. విటమిన్ మాత్రలు రాసిచ్చి పంపేస్తాం. ఇక్కడే యాంటీబాడీ పరీక్ష విలువ మొదలవుతుంది, ఎందుకంటే నెత్తురు రుతువు చూసుకోదు.

ఆ యాంటీబాడీల కథ 1979లో ఊపందుకుంది. ఆ ఏడు డూవాస్, ఎంగ్ టాన్‌లు స్క్లెరోడెర్మా రోగుల సీరంలో ఓ ప్రొటీనుకి వ్యతిరేకంగా ఉన్న యాంటీబాడీని పట్టుకుని, ఆ ప్రొటీను బరువును బట్టి ఎస్‌సీఎల్-70 అన్నారు. అది డీఎన్ఏ ముడులు విప్పే టోపోఐసోమరేజ్-1 అని 1986లో తేలింది. 1980లో టాన్ బృందమే సెంట్రోమియర్ యాంటీబాడీని ప్రకటించింది. అది మైక్రోస్కోపు కింద చూడదగ్గ దృశ్యం. హెప్-2 అనే కణాల మీద రోగి సీరం వేసి వెలిగిస్తే కేంద్రకం నిండా విడివిడి చుక్కలు మెరుస్తాయి, విభజనలో ఉన్న కణంలో అవే చుక్కలు మధ్యగీత మీద బారులు తీరతాయి. పక్కదోవ అయినా ఒకటి చెప్పాలి. గొంతు క్యాన్సర్ నుంచి వచ్చాయని అనుకున్న ఈ హెప్-2 కణాలు నిజానికి హీలా కణాలు కలిసిపోయినవని జన్యుపరీక్షల్లో బయటపడింది. అంటే 1951లో బాల్టిమోర్‌లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయిన హెన్రియెట్టా లాక్స్ కణాల మీద ఇవాళ హైదరాబాదులో మనం ఏఎన్ఏ (కేంద్రకం మీది యాంటీబాడీలు) చూస్తున్నామన్నమాట. 1993లో పిట్స్‌బర్గ్ నుంచి ఒకానో, స్టీన్, మెడ్స్‌గర్ ఆర్ఎన్ఏ పాలిమరేజ్-3 యాంటీబాడీ గురించి రాశారు. పూర్తి జాబితా ఇంకా పొడుగ్గా ఉంది. మనకు ముఖ్యమైనవి ఈ మూడూ, టీహెచ్/టీవో అనే మరొకటీ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ యాంటీబాడీలన్నీ కణం కేంద్రకంలో దాక్కున్న ప్రొటీన్ల మీదికి తయారైనవి. నాళం గోడ మీద ఇవేవీ లేవు. అలాంటప్పుడు నాళం గాయానికి ఇవి గుర్తులెలా అవుతాయి?

దానికి గట్టి జవాబు 2008లో మాంట్రియల్ నుంచి వచ్చింది. కోనిగ్ బృందం రేనాడ్ లక్షణం తప్ప మరేమీ లేని 586 మందిని తీసుకుని, మొదటిరోజే గోరు మొదలునీ నెత్తురునీ పరీక్షించి, కొందర్ని 20 ఏళ్ల దాకా కనిపెట్టి చూసింది. వారిలో 74 మందికి, అంటే 12.6 శాతానికి, నిర్ధారణగా స్క్లెరోసిస్ వచ్చింది. మొదట్లోనే స్క్లెరోసిస్‌కి ప్రత్యేకమైన యాంటీబాడీ ఉండి, కేశనాళికల్లో మార్పు కూడా ఉన్నవాళ్లలో మాత్రం 79.5 శాతానికి వచ్చింది. రెండూ లేనివాళ్లతో పోలిస్తే వాళ్లకి ప్రమాదం 60 రెట్లు. ఈ అంకెలే అందరూ ఉదహరిస్తారు. నాకు అంతకన్నా విలువగా కనిపించేది అదే వ్యాసంలో ఉన్న మరో ఫలితం. నాళాల నష్టానికి ఒక వరస ఉంది. ముందు కేశనాళికలు లావెక్కుతాయి, తర్వాత రాలతాయి, చివర్లో విచ్చుకున్న నాళాల మచ్చలు కనబడతాయి. రాలడం మొదలైన రోజులకు దగ్గర్లోనే జబ్బు బయటపడుతుంది. సెంట్రోమియర్, టీహెచ్/టీవో యాంటీబాడీలు లావెక్కడాన్ని ముందే సూచించాయి. రాలిపోవడాన్ని ఆ రెండూ, వాటితోపాటు పాలిమరేజ్-3 సూచించాయి. ఒక్కో యాంటీబాడీకి ఒక్కో నడక ఉంది. సెంట్రోమియర్ ఉన్నవాళ్లలో నష్టం ఏళ్ల తరబడి నింపాదిగా సాగుతుంది, పాలిమరేజ్-3 ఉన్నవాళ్లలో త్వరత్వరగా.

కనుక యాంటీబాడీని రైలు పెట్టె మీది బోర్డులా చదవాలంటాను. గోదావరి ఎక్స్‌ప్రెస్ అని ఉంటే అది ఏ దారిన పోతుందో, ఏయే స్టేషన్లలో ఆగుతుందో తెలుస్తుంది. ఇప్పుడు సామర్లకోట దాటిందో లేదో బోర్డు చెప్పదు. దానికి కిటికీలోంచి బయటికి చూడాలి. చాలామంది వైద్యులూ, ఇంకా ఎక్కువమంది రోగులూ టైటరు పెరిగిందా తగ్గిందా అని ఆరు నెలలకోసారి ఏఎన్ఏ చేయిస్తూంటారు. ఒకసారి స్పష్టంగా తేలిన యాంటీబాడీ దాదాపు జీవితాంతం అలాగే ఉంటుంది. ఆ డబ్బు ఊపిరితిత్తులు వాయువుని నెత్తుటికి ఎంత బాగా అందిస్తున్నాయో కొలిచే డీఎల్‌సీవో పరీక్షకు పెట్టడం మేలు.

బోర్డు ఉన్నంత మాత్రాన రైలు కదులుతుందనీ లేదు. కవలల మీద 2003లో వచ్చిన అధ్యయనం దీన్ని తేటతెల్లం చేసింది. జతలో ఒకరికి స్క్లెరోసిస్ ఉన్న 42 జతల కవలల్ని చూస్తే, రెండోవారికీ జబ్బు వచ్చిన జతలు 4.7 శాతమే. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లోనూ అంతకుమించి లేదు. కానీ ఏఎన్ఏ విషయంలో ఒకే అండపు కవలలు 90 శాతం జతల్లో ఒకేలా ఉన్నారు, రెండు అండాల కవలలు 40 శాతంలో. యాంటీబాడీ తయారవడంలో వంశం చెయ్యి పెద్దది, జబ్బు రావడంలో అంత లేదు. మధ్యలో ఇంకేదో జరగాలి. రాతిధూళిలోని సిలికా, కొన్ని రసాయన ద్రావకాలు లాంటి కారణాలు కొందరిలో బయటపడ్డాయి, అందరిలో కాదు.

రిపోర్టు చూసి బెంబేలెత్తేవాళ్ల కోసం ఇంకో అంకె. పూర్తి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల సీరాన్ని టాన్ నాయకత్వంలో పలు ప్రయోగశాలలు పరీక్షిస్తే, 40 వంతుల పలుచన దగ్గర 31.7 శాతం మందిలో ఏఎన్ఏ పాజిటివ్ వచ్చింది, 160 దగ్గర 5 శాతంలో. వట్టి ఏఎన్ఏ పాజిటివ్ అనే మాటకి బరువు లేదు. ఏ ఆకృతి, ఏ ప్రొటీను మీద, ఎంత పలుచనలో అన్నవి ఉంటేనే అది సమాచారం. ఇక్కడ మన ప్రయోగశాలల మీద నాకో ఫిర్యాదు ఉంది. మామూలుగా పంపే ఏఎన్ఏ ప్రొఫైల్ పట్టీల్లో చాలావాటిలో పాలిమరేజ్-3 గీత ఉండదు. స్క్లెరోడెర్మా పట్టీ వేరే అడగాలి. అడక్కపోతే రిపోర్టులో నెగటివ్ అని వస్తుంది, ఆ నెగటివ్‌ని నమ్మి మనం నిశ్చింతగా ఉంటాం.

నిశ్చింతగా ఉండకూడనిది సరిగ్గా ఆ యాంటీబాడీ విషయంలోనే. అది ఉన్నవాళ్లలో చర్మం నెలల్లో బిగుసుకుంటుంది, మూత్రపిండాల ధమనులు మూసుకునే ముప్పు మిగతావాళ్లకన్నా చాలా ఎక్కువ. బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది, క్రియాటినిన్ రోజుల్లో పెరుగుతుంది. దీన్ని స్క్లెరోడెర్మా రీనల్ క్రైసిస్ అంటాం. ఒకప్పుడు ఇది ఇంచుమించు మరణశాసనం. 1979లో కాప్టోప్రిల్‌తో ఈ స్థితిని వెనక్కి మళ్లించవచ్చని వార్త వచ్చింది. 1990లో వర్జీనియా స్టీన్ బృందం లెక్కలు చెప్పింది. ఆ తరగతి మందులు పడ్డవాళ్లలో ఏడాది తర్వాత 76 శాతం మంది బతికున్నారు, పడనివాళ్లలో 15 శాతం. మన వైద్యంలో ఇంత తేడా తెచ్చిన మాత్రలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయితే క్రైసిస్ రాకముందే ఈ మాత్ర వేసి ఆపవచ్చా అంటే ఆధారం లేదు, సరికదా కీడు చేయవచ్చన్న అనుమానం ఉంది. కనుక మందు ముందే ఇవ్వం. పాలిమరేజ్-3 ఉన్న రోగి ఇంట్లో బీపీ యంత్రం పెట్టిస్తాం, వారంలో చాలాసార్లు చూసుకోమంటాం. పెరిగితే ఆ రోజే రమ్మంటాం.

దీనికి సంబంధించి మన ఊళ్లలో జరిగేది చెప్పక తప్పదు. వేళ్లు ఉబ్బి, కీళ్లు నొప్పులుగా ఉన్న మనిషికి కీళ్లవాతం అని స్టెరాయిడ్ మొదలుపెడతారు. ఉపశమనం ఉంటుంది, రోగి సంతోషిస్తుంది, చీటీ చూపించి మందులషాపులో అదే మాత్ర నెలల తరబడి కొనుక్కుంటుంది. చర్మం వేగంగా బిగిసే రకంలో ప్రెడ్నిసోన్ రోజుకి 15 మిల్లీగ్రాములు లేదా అంతకు మించితే రీనల్ క్రైసిస్ ముప్పు పెరుగుతుందని 1998లోనే స్టీన్, మెడ్స్‌గర్ చూపించారు. స్టెరాయిడ్ రాసే ముందు ఒకసారి గోరు మొదలు చూస్తే, అనుమానం ఉంటే యాంటీబాడీ పంపితే, ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

సెంట్రోమియర్ దారి వేరు. వేళ్ల చలి బాధ 10, 15 ఏళ్లు ఉంటుంది, చర్మం వేళ్ల దగ్గరే ఆగుతుంది, మనిషి తన పనులు తాను చేసుకుంటూనే ఉంటుంది. తర్వాత మెట్లెక్కితే ఆయాసం. వయసనీ, బరువనీ సరిపెట్టుకుంటారు. ఊపిరితిత్తుల ధమనుల్లో ఒత్తిడి పెరిగి కుడి గుండె అలిసిపోయాక వస్తారు. అందుకే 2014లో వచ్చిన డిటెక్ట్ పద్ధతిలో, ఎవరికి గుండెలోకి గొట్టం పంపి ఒత్తిడి కొలవాలో తేల్చే మొదటి మెట్టులోనే సెంట్రోమియర్ యాంటీబాడీని చేర్చారు. దాని పక్కన ఉన్నవి చూడండి: శ్వాస పరీక్షలోని రెండు కొలతల నిష్పత్తి, చర్మం మీద ఎర్ర నాళాల మచ్చలు, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ, యూరిక్ యాసిడ్, ఈసీజీలో కుడివైపు మొగ్గు. ఏదీ అరుదైన పరీక్ష కాదు. ఎకో చేయకముందే ఈ ఆరింటితో జల్లెడ పట్టవచ్చు.

ఇంతవరకు గుర్తుల సంగతి. నేరుగా నాళాన్ని కొట్టే యాంటీబాడీలు లేవా? ఉన్నాయనే వాదన బలంగా ఉంది. నాళాల గోడల మీద యాంజియోటెన్సిన్‌ని అందుకునే ఏటీ1 గ్రాహకం, ఎండోథీలిన్‌ని అందుకునే ఈటీఏ గ్రాహకం ఉంటాయి. 2011లో రీమెకాస్టెన్ బృందం, స్క్లెరోసిస్ రోగుల్లో చాలామందికి ఈ రెంటి మీదా యాంటీబాడీలు ఉన్నాయనీ, అవి గ్రాహకాన్ని మూయకుండా ఉత్తేజపరుస్తాయనీ చూపించింది. హార్మోను రాకుండానే హార్మోను వచ్చినట్టు నాళం బిగుస్తుందన్నమాట. గర్భిణుల్లో వచ్చే బీపీ జబ్బులోనూ, మార్చిన మూత్రపిండం తిరస్కరణలోనూ ఏటీ1 యాంటీబాడీ అంతకుముందే దొరికింది కాబట్టి ఇది గాలిలోంచి వచ్చిన ఊహ కాదు. రోగుల యాంటీబాడీని ఎలుకలకి ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో వాపూ నాళాల్లో మార్పులూ వచ్చాయి. ఊపిరితిత్తుల ఒత్తిడి జబ్బు ఉన్న స్క్లెరోసిస్ రోగుల్లో వీటి స్థాయి, కారణం తెలియని అదే జబ్బు ఉన్నవాళ్లకన్నా ఎక్కువ ఉంది.

అయినా నేను ఇక్కడ జోరు తగ్గిస్తాను. 2006లో పీడీజీఎఫ్ గ్రాహకం మీద యాంటీబాడీలు స్క్లెరోసిస్‌కి మూలకారణం అన్నట్టుగా ఇటలీ నుంచి బరోనీ బృందం రాసిన వ్యాసం ప్రపంచమంతా మోగింది. తర్వాత వేరే ప్రయోగశాలలు వేరే పద్ధతులతో చూస్తే అది నిలబడలేదు, ఆరోగ్యవంతుల్లోనూ అలాంటి యాంటీబాడీలు కనిపించాయి. ఎండోథీలియల్ కణాల మీది యాంటీబాడీలదీ ఇంచుమించు అదే కథ. స్క్లెరోసిస్‌లో ఉంటాయి, లూపస్‌లో ఉంటాయి, రక్తనాళాల వాపు జబ్బుల్లో ఉంటాయి. అందువల్ల ఏ ఒక్కదాన్నీ వేలెత్తి చూపవు. ఏటీ1, ఈటీఏ పరీక్షలు మన దగ్గర రోజువారీ వైద్యానికి ఇంకా పనికిరావని నా అభిప్రాయం. పరిశోధనకి పనికొస్తాయి. ప్రైవేటు ల్యాబు ప్యాకేజీలో చేరే దశ రాలేదు.

చికిత్స మాట అడుగుతారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లేలో నడిపిన ఫోలిక్ యాసిడ్ పరిశోధనల నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ చర్మం బిగుతుని కొంత సడలిస్తుంది, నాళాల విషయంలో దాని మీద ఆశ పెట్టుకోలేం. నాళాలకి నిఫెడిపిన్, సిల్డెనాఫిల్, ఐలోప్రాస్ట్ ఉన్నాయి. బోసెంటాన్ కొత్త వేలికొసల పుండ్లు రాకుండా తగ్గిస్తుంది, ఉన్న పుండుని మాన్పదు. ఇవన్నీ నాళం సడలించేవి, యాంటీబాడీ జోలికి వెళ్లవు. యాంటీబాడీని తయారుచేసే బి-కణాల మీద గురిపెట్టిన రిటుక్సిమాబ్‌ని 2021లో జపాన్ ఈ జబ్బుకి అనుమతించింది, అక్కడి పరీక్షలో చర్మం మెరుగైంది. జర్మనీలో ఎర్లాంగెన్ బృందం 2024లో ప్రచురించిన కార్-టి కణాల చికిత్సలో నలుగురు స్క్లెరోసిస్ రోగులు ఉన్నారు. అలాంటి చోట్ల ఇక అడగాల్సిన ప్రశ్న చర్మం మెత్తబడిందా అన్నది ఒక్కటే కాదు. యాంటీబాడీ మాయమైన రోగి గోరు మొదట్లో రాలిపోయిన కేశనాళికలు మళ్లీ మొలిచాయా అన్నది కూడా. మొలిస్తే యాంటీబాడీకీ నాళం గాయానికీ ఉన్న బంధం మనం అనుకున్నదానికన్నా దగ్గరిది. మొలవకపోతే, ఆ గాయం యాంటీబాడీ అవసరం లేకుండానే తనంతట తాను సాగే స్థితికి చేరిపోయిందని అర్థం. అప్పుడు చికిత్స మొదలుపెట్టాల్సింది వేళ్లు తెల్లబడుతున్న రోజుల్లోనే, చర్మం బిగిశాక కాదు.